మూడు సెంట్ల తపాలా బిళ్ళ, అర ఔన్సు ఉత్తరం: 1854 నాటి కాలేజీ ప్రేమ మీద నవల రాస్తున్న పాఠకురాలికి

ప్రశ్న: ఒక ప్రేమకథ నవలగా మొదలుపెట్టాను. కాలం 1854 నుంచి 1856 దాకా, చోటు అమెరికా. అబ్బాయి మసాచుసెట్స్‌లోని విలియమ్స్ కాలేజీకి వెళ్తాడు. అమ్మాయి ఒహాయోలో హైరమ్ కాలేజీలో చదువుతుంటుంది. రెండో అధ్యాయంలో అతని ఉత్తరం రెండు రోజుల్లో వచ్చేస్తుంది. పోస్ట్‌మాన్ తలుపు తడతాడు. కవరు నిండా ఫిబ్రవరి 14 శుభాకాంక్షలు, మధ్యలో అతని ఫొటో. గోధుమరంగు సిరాతో రాసిన ఆ ఉత్తరం తండ్రి చేతిలో పడి గొడవవుతుంది. తర్వాత జూన్ సెలవుల్లో మేనత్త కాపలాలో ఇద్దరూ కలుసుకుంటారు. చదివిన స్నేహితులు "బాగుంది గానీ నమ్మబుద్ధి కావడం లేదు" అంటున్నారు. ఎక్కడ తప్పుతున్నాను?
ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: మీరు అడిగిన వివరాల్లో తప్పులున్నాయి, అవి దిద్దుకోవడం తేలికే. అసలు చిక్కు వేరేచోట ఉంది. మీ కథలో వాళ్ళిద్దరికీ అడ్డు తండ్రి. అది మన కథల అలవాటు. 1850ల అమెరికాలో చదువుకున్న మధ్యతరగతి ఇళ్ళలో అబ్బాయీ అమ్మాయీ తమంతట తామే ఒక మాట అనుకుని, ఆ తర్వాత పెద్దల చెవిన వేసేవారు. పెద్దలు సాధారణంగా సరేననేవారు. పెళ్ళిని ఏళ్ళ తరబడి ఆపింది డబ్బు: ఇల్లు నడిపే సంపాదన చేతికొచ్చేదాకా మగవాడు పెళ్ళి మాట ఎత్తలేడు. ఆ ఏళ్ళలో ఇద్దరి మధ్యా నడిచేవి ఉత్తరాలే కాబట్టి, ఒకరికి తెలిసిన రెండోవాళ్ళు కాగితం మీది మనిషి అయిపోయేవారు. ఆ మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నప్పుడు ఏం జరుగుతుందన్నదే మీ నవలకు పనికొచ్చే ముడి. ముందు తపాలా సంగతి చూద్దాం. ఆ ముడి పడేది అక్కడే.

హైరమ్ నుంచి విలియమ్స్‌టౌన్ 300 మైళ్ళకు పైగానే. 1851 జూలై 1కి ముందైతే అంత దూరానికి అర ఔన్సు ఉత్తరానికి 10 సెంట్లు పట్టేది. ఆ రోజు నుంచి రేటు మారింది. 3,000 మైళ్ళ లోపు ఎక్కడికైనా ముందే కడితే 3 సెంట్లు, కట్టకుండా పంపితే అందుకున్నవాళ్ళు 5 సెంట్లు ఇవ్వాలి. మనం బేరింగు ఉత్తరం అనేది దాన్నే. (మన దేశంలో దూరంతో పని లేకుండా అర్ధణా తపాలా బిళ్ళ వచ్చింది కూడా 1854లోనే, అక్టోబరు 1న.) మీ కథాకాలంలో ఇంకో రెండు మార్పులు వచ్చాయి. 1855 ఏప్రిల్ 1 నుంచి బేరింగు పోయింది, డబ్బు ముందే కట్టి తీరాలి. 1856 జనవరి 1 నుంచి ఆ కట్టడం బిళ్ళ అతికించే జరగాలి. కాబట్టి చేతిలో కాసు లేని విద్యార్థి 1854 చివర్లో ఒక ఉత్తరం బేరింగుగా పడేశాడంటే నమ్ముతారు, 1856లో పడేశాడంటే నమ్మరు. ఆ అయిదు సెంట్లు అమ్మాయి చేత కట్టించినందుకు అతను తర్వాతి ఉత్తరంలో సంజాయిషీ చెప్పుకుంటే ఇంకా బాగుంటుంది.

బిళ్ళ దగ్గర చాలామంది నవలాకారులు జారతారు. 1854లో ఉన్నది వాషింగ్టన్ బొమ్మ ఉన్న ఎర్రటి 3 సెంట్ల బిళ్ళ. దానికి అంచుల్లో చిల్లులు ఉండవు. అవి వచ్చింది 1857లో. పోస్టుమాస్టరో కొన్నవాడో కత్తెరతో కోసుకోవాలి. పక్క బిళ్ళ అంచు కొంచెం దీనికి అంటుకుని రావడం, లేదా దీని అంచే తెగిపోవడం మామూలే. మీ అమ్మాయి కవరు చేతిలోకి తీసుకోగానే బిళ్ళ వంకరగా కోసి ఉందని గమనిస్తే చాలు, ఆ ఒక్క వాక్యం చదివేవాళ్ళని 1854కి తీసుకుపోతుంది.

అర ఔన్సు అంటే 14 గ్రాములు. ఒక పెద్ద కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి. అదీ, పల్చటి కవరూ కలిపి ఆ బరువులో ఇమిడిపోతాయి. అంతకు మించితే ఇంకో 3 సెంట్లు. 1845కి ముందు బరువు లెక్క కాదు, కాగితాల లెక్క. కవరు వాడితే అదీ ఒక కాగితమే. అందుకే అప్పట్లో ఉత్తరాన్నే మడిచి, లక్క అంటించి, వెనకవైపు చిరునామా రాసేవారు. చోటు చాలకపోతే రాసిన పేజీని అడ్డంగా తిప్పి, పాత వరసల మీదుగానే కొత్త వరసలు రాసేవారు. చదవడం ఒక శిక్ష. 1854 నాటికి దాని అవసరం పోయింది గానీ అలవాటు పోలేదు. అబ్బాయి నాలుగో పేజీ అయిపోయాక మొదటి పేజీ మీద అడ్డంగా రెండు మాటలు రాశాడని మీరు నిశ్చింతగా రాయొచ్చు. మొదటి నాలుగు పేజీల్లో చెప్పలేక దాచుకున్న మాట అక్కడ బయటపడితే మరీ మంచిది.

సిరా గోధుమరంగులో ఉండదు. ఆ రంగు ఇప్పుడు మ్యూజియంలో చూసేవాళ్ళకి కనిపించేది. ఇనుప లవణం, కరక్కాయ లాంటి కాయల రసం కలిపి చేసే ఆ సిరా రాసినప్పుడు పాలిపోయినట్టుండి, గాలి తగిలాక నల్లబడేది. గోధుమరంగుకు తిరగడానికి ఏళ్ళు పడుతుంది. అమ్మాయి చూసేది నల్లటి అక్షరాలనే.

ఇక రెండు రోజులు. రైలు హైరమ్ ఊళ్ళోకి రాదు. ఉత్తరం ముందు బండి మీద రైలు దొరికే ఊరు చేరాలి. అక్కడి నుంచి ఇరీ సరస్సు ఒడ్డునే బఫలో, ఆపైన ఆల్బనీ, పిట్స్‌ఫీల్డ్, నార్త్ ఆడమ్స్. నార్త్ ఆడమ్స్ నుంచి విలియమ్స్‌టౌన్ అయిదు మైళ్ళు, మళ్ళీ గుర్రపు బండి. రైలు వేగం ఎలా ఉన్నా, రెండు చివర్లా పల్లె పోస్టాఫీసుల్లో సంచీ ఎదురుచూడక తప్పదు. నవల లెక్కకు ఒక వైపు నాలుగైదు రోజులు వేసుకోండి. తేదీలతో చూద్దాం. అక్టోబరు 1న అతను రాశాడు, ఆమెకు 5న గానీ 6న గానీ అందింది. ఒకటి రెండు రోజులు ఆలోచించి 8న జవాబు రాసింది. అది అతనికి చేరేసరికి 12 దాటింది. వారం వారం రాసేవాడైతే ఈలోపు 8న అతను ఇంకోటి పంపేశాడు. అంటే అతనికి అందే ప్రతి జవాబూ పాతబడ్డ ఉత్తరానికే. 1న కోపంగా రాసి, 8న మెత్తబడి రాస్తే, 12న అతని చేతికొచ్చేది ఆ పాత కోపానికి వచ్చిన పదునైన జవాబు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేకుండా నెల రోజుల గొడవ నడుస్తుంది. తండ్రిని తెచ్చిపెట్టాల్సిన అవసరమే రాదు. ఈ గందరగోళం వల్లనే ఆ కాలపు ఉత్తరాలు చాలావరకు "మీ 1వ తేదీ ఉత్తరం 6న అందింది" అన్న లెక్కతో మొదలవుతాయి. మీ పాత్రల చేత కూడా అలాగే మొదలుపెట్టించండి. ఇంకో చిన్న సంగతి: 1850ల్లో చాలా ఊళ్ళ తపాలా ముద్రల్లో నెల, తేదీ ఉండేవి గానీ సంవత్సరం ఉండేది కాదు. తర్వాతి తరంవాళ్ళకి పెట్టెలో ఉత్తరాలు దొరికే ఘట్టం ఉంటే ఇది పనికొస్తుంది.

కథను ఒక ఏడాది వెనక్కి జరిపే ఉద్దేశం ఉంటే, 1853 డిసెంబరులో పెన్సిల్వేనియాలోని ఇరీ దగ్గర జరిగిన రైలు గొడవ చూడండి. అక్కడ రెండు మార్గాల పట్టాల వెడల్పులు వేరు కావడంతో సరుకూ జనమూ దిగి బండి మారాల్సి వచ్చేది. ఆ తేడా తీసేయబోతే, తమ వ్యాపారం పోతుందని ఊరివాళ్ళు పట్టాలు పీకేశారు. ప్రయాణికులు గడ్డకట్టే చలిలో ఏడు మైళ్ళు బండ్ల మీద వెళ్ళారు. ఒహాయో నుంచి తూర్పుకు వెళ్ళాల్సిన ఒక జవాబు ఆలస్యం కావడానికి ఇంతకన్నా పెద్ద కారణం మీరు కల్పించనక్కర్లేదు.

పోస్ట్‌మాన్‌ని తీసేయండి. పెద్ద నగరాల్లో ఉచితంగా ఇంటికి బట్వాడా మొదలైంది 1863లో, పల్లెల్లో 1896లో. 1854లో హైరమ్‌లో ఉత్తరం కోసం పోస్టాఫీసుకి నడిచి వెళ్ళి అడగాలి. అక్కడ పోస్టుమాస్టరుంటాడు, ఊళ్ళోవాళ్ళుంటారు, విలియమ్స్‌టౌన్ ముద్ర వాళ్ళందరి కళ్ళా పడుతుంది. ఎవరూ తీసుకోని ఉత్తరాల జాబితాని స్థానిక పత్రికలో పేర్లతో సహా అచ్చువేసేవారు. అమ్మాయి పదిరోజులు ఊళ్ళో లేకపోతే ఆమె పేరు ఆ జాబితాకెక్కి ఊరంతా చదువుతుంది. అప్పటికీ తీసుకోకపోతే అది వాషింగ్టన్‌లోని దిక్కులేని ఉత్తరాల ఆఫీసుకి చేరుతుంది. అక్కడ విప్పి, డబ్బూ దస్కం ఉంటే తిరిగి పంపించి, మిగతావి తగలబెట్టేవారు. ప్రేమలేఖలు మిగతావాటిలోకే వస్తాయి.

ఫొటో కవరులో పట్టదు. 1854లో దొరికేది వెండిపూత వేసిన రాగిరేకు మీద తీసి, అద్దం బిగించి, చిన్న పెట్టెలో పెట్టి ఇచ్చే డాగెరోటైప్. ఉత్తరంలో పెడితే బరువు, పైగా అద్దం పగులుతుంది. ఆ దారిన వెళ్ళే స్నేహితుడి చేతికిచ్చి పంపించవచ్చు. పల్చటి ఇనుపరేకు మీద తీసే టిన్‌టైప్‌కి 1856లో పేటెంటు తీసుకున్నది మీ ఒహాయోలోనే, కెన్యన్ కాలేజీ ప్రొఫెసరు హామిల్టన్ స్మిత్. అట్ట మీద అంటించిన చిన్న ఫొటోలు అమెరికాలో విరివిగా దొరికింది 1860 ప్రాంతంలో. కవరులో పెట్టడానికి మీవాడికి ఉన్నవి ఎండిన పువ్వు, ఆకు, కత్తిరించిన జుట్టు పాయ. పాయ మాత్రం మొదటి ఉత్తరంలో వద్దు. అది మాట అనుకున్నాక ఇచ్చేది.

ఫిబ్రవరి 14 నిలుస్తుంది. అప్పటికే అది పెద్ద ఎత్తున నడుస్తోంది. 1847లో మౌంట్ హోలియోక్ సెమినరీ అనే ఆడపిల్లల విద్యాలయంలో చదువు ముగించిన ఎస్తర్ హౌలండ్, మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో లేసు కాగితాల కార్డులు తయారుచేయించి అమ్మి పేరు తెచ్చుకుంది. విచిత్రమేమిటంటే ఆ సెమినరీ స్థాపకురాలు మేరీ లయన్‌కి ఇవంటే అస్సలు గిట్టదు. 1848లో అక్కడ చదువుతున్న కవయిత్రి ఎమిలీ డికిన్సన్ తన అన్న ఆస్టిన్‌కి రాసిన ఉత్తరంలో ఆ సంగతి ఉంది. మేరీ లయన్ అలాంటి వెర్రి చీటీలు పంపకూడదని హాల్లో నిలబడి ఆజ్ఞ వేసింది. ముందటేడు అనుభవం ఉన్న అమ్మాయిలు సెలవుల్లోనే రాసి ఇంకొకరికి అప్పగించి ఉంచారు. ఆజ్ఞ పడేలోపే దాదాపు 150 వెళ్ళిపోయాయి. ఆడపిల్లల సెమినరీలు చాలావాటిలో, దక్షిణాదిలో మరీ, ఎవరితో ఉత్తరాలు నడపవచ్చో పెద్దలు నిర్ణయించడం, వచ్చినవి పరిశీలించడం ఉండేది. ఉత్తరాన్ని మూడో మనిషి పట్టుకునే ఘట్టం మీకు తప్పనిసరైతే దాన్ని ఇలాంటి సెమినరీకి మార్చండి. ఇంట్లో తండ్రి, కూతురి కవరు చించి చదవడం ఆ కాలపు మర్యాదకు విరుద్ధం, అలా చదివిన తండ్రిని పాఠకులు దుర్మార్గుడి కిందే లెక్కేస్తారు. హైరమ్‌లో మాత్రం అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే చదివేవారు. దానికి అప్పటికి ఆ పేరు లేదు. వెస్టర్న్ రిజర్వ్ ఎక్లెక్టిక్ ఇన్‌స్టిట్యూట్ అని 1850లో తెరిచారు, హైరమ్ కాలేజీ అయింది 1867లో.

మీకు తెలిసే ఎంచుకున్నారో ఏమో, ఈ రెండు చోట్ల మధ్య నిజంగా ఇలాంటి ప్రేమ ఒకటి నడిచింది. 1881లో అమెరికా 20వ అధ్యక్షుడైన జేమ్స్ గార్‌ఫీల్డ్, లుక్రీషియా రుడాల్ఫ్. ఇద్దరూ మొదట చెస్టర్‌లో, తర్వాత హైరమ్‌లో చదివారు. 1853 నవంబరులో అతను నయాగరా నుంచి రాసిన ఉత్తరంతో వ్యవహారం మొదలైంది. 1854 జూలైలో అతను విలియమ్స్‌కి వెళ్ళాడు. ఆమె ఒహాయోలోనే ఉండిపోయింది, తర్వాత బడుల్లో పాఠాలు చెప్పింది. ఇక్కడ జరిగింది జాగ్రత్తగా చూడండి. అతను మాటకారి, పొంగిపోయే మనిషి. ఆమె నలుగురిలో ముడుచుకునే స్వభావం. ఉత్తరాల్లో ఆమె వెచ్చగానే ఉండేది. 1855లో అతను ఒహాయో వచ్చి ఎదురుగా కూర్చుంటే, ఆ ఉత్తరాలు రాసిన మనిషి కనిపించలేదు. చల్లగా, దూరంగా ఉన్న ఒక అమ్మాయి కనిపించింది. తనది ప్రేమేనా అని అతనికి అనుమానం పట్టుకుంది. అప్పుడు ఆమె నోటితో వాదించలేదు. తన డైరీ తెచ్చి అతని చేతికిచ్చింది. తన మీద అంత ఆపేక్ష లోపల నడుస్తోందని అతనికి తెలిసింది ఆ పేజీలు చదివాకే. అంటే ఆ చిక్కు విడిపోయింది కూడా కాగితంతోనే. అక్కడితో అంతా సర్దుకుందా అంటే అదీ లేదు. అతను విలియమ్స్ రోజుల్లో, న్యూయార్క్ రాష్ట్రంలోని పోస్టెన్‌కిల్‌లో రెబెకా సెలెక్ అనే ఆమెతో దగ్గరయ్యాడు. 1856 ఆగస్టులో స్నాతకోత్సవానికి లుక్రీషియా అంత దూరం ప్రయాణం చేసి వెళ్ళింది. పెళ్ళి అయింది మాత్రం 1858 నవంబరు 11న.

ఈ కథనే తిప్పి రాయమని కాదు మా ఉద్దేశం. మీ ఇద్దరిలో ఎవరు కాగితం మీద బాగుంటారు, ఎవరు ఎదురుగా బాగుంటారు అన్నది మొదటి అధ్యాయం రాయకముందే తేల్చుకోండి. ఇద్దరూ రెండు చోట్లా ఒకేలా ఉంటే ఉత్తరాలు కథకు అలంకారంగా మిగిలిపోతాయి. ఆ కాలపు ఉత్తరాల్లో తరచు కనిపించే ఇంకో మలుపు కూడా ఉంది. మాట ఖాయమయ్యే ముందు అమ్మాయి ఒక పరీక్ష పెడుతుంది. తన లోపాలన్నీ ఏకరువు పెట్టి "ఇంతటితో ఆపేద్దామా?" అని రాస్తుంది. జవాబు రావడానికి పది రోజులు. ఆ పది రోజులకు ఒక అధ్యాయం మొత్తం ఇచ్చినా నష్టం లేదు.

పిలుపుల దగ్గర తొందరపడకండి. ముందు అబ్బాయి ఉత్తరం రాయడానికి అనుమతి అడగాలి. మొదటి ఉత్తరం అమ్మాయి నుంచి రాదు. "మిస్ ఫలానా"తో మొదలై, "స్నేహితురాలు ఫలానా" అయి, పేరు పెట్టి పిలిచే దశకు నెలలు పడుతుంది. "ప్రియమైన" పక్కన "నా" చేరడం ఒక సంఘటన. మీకు తెలుగులో ఒక సౌకర్యం ఉంది: మీరు నుంచి నువ్వుకి దిగడం. దాన్ని ఒక్కసారే, ఈ మలుపు దగ్గరే వాడండి.

జూన్ సెలవులు కుదరవు. విలియమ్స్‌లో ఏడాది ఆగస్టు స్నాతకోత్సవంతో ముగిసేది, జూన్, జూలైల్లో తరగతులు నడిచేవి. పొడుగు సెలవు చలికాలంలో. అదీ బీద విద్యార్థికి ఇంటికెళ్ళే సెలవు కాదు, పల్లెబడుల్లో పాఠం చెప్పి ఫీజు సంపాదించుకునే కాలం. గార్‌ఫీల్డ్ 1854–55 చలికాలంలో వెర్మాంట్‌లోని నార్త్ పౌనల్‌లో దస్తూరీ నేర్పించాడు. అలాంటివాడి చేతిరాత మీద అమ్మాయికి ఫిర్యాదు ఉండదు లెండి. చిరునామా మారడం మాత్రం మరిచిపోవద్దు. ఆ ఉత్తరాలన్నీ కొత్త ఊరికి వెళ్ళాలి, ఒకటి రెండు పాత ఊళ్ళోనే చిక్కుకోవాలి.

మేనత్తను కూడా ఇంటికి పంపించేయండి. అమ్మాయి పక్కన ఎప్పుడూ ఒక పెద్దావిడ ఉండాలన్న పట్టింపు శతాబ్దం చివర్లో, నగరాల్లో, డబ్బున్న ఇళ్ళలో బలపడింది. 1850ల ఒహాయోలో పెద్దలు పడుకున్నాక కూడా ఇద్దరూ ముందుగదిలో కూర్చుని మాట్లాడుకునేవారు. ఏడాది తర్వాత మొదటిసారి అలా కూర్చుని, ఉత్తరాల్లో పేజీలకు పేజీలు రాసుకున్నవాళ్ళు ఇప్పుడు ఏం మాట్లాడాలో తోచక వాతావరణం గురించి మాట్లాడతారు. మీ మేనత్త ఘట్టం స్థానంలో ఇది పెట్టండి.

తంతి పంపించొచ్చా అంటే, సౌకర్యం ఉంది గానీ పది మాటలకు ఇంత అని లెక్క, పైగా ఆపరేటరు ప్రతి మాటా చదువుతాడు. "గురువారం వస్తున్నాను" వరకే వాడండి. మాట తప్పిపోతే ఎవరి ఉత్తరాలు వాళ్ళకి తిరిగి ఇచ్చేయడం ఆనవాయితీ. దాని వెనక మర్యాద ఒక్కటే లేదు. పెళ్ళి చేసుకుంటానని తప్పించుకున్నవాడి మీద అమ్మాయి దావా వేయవచ్చు, కోర్టులో ఆ ఉత్తరాలే సాక్ష్యం. మీ అబ్బాయి తన ఉత్తరాలు వెనక్కి అడిగితే పాఠకులకి రెండు అర్థాలు తోచాలి.

ఇంత నెమ్మది మీ కథకు పనికిరాదనుకుంటే 1884కి జరపండి. అప్పుడు ఆదర్శంగా, తర్వాత అమెరికా అధ్యక్షుడైన వుడ్రో విల్సన్, అతను పెళ్ళాడిన ఎలెన్ ఆక్సన్ ఉన్నారు. 1883 సెప్టెంబరులో నార్త్ కరొలైనాలోని ఆష్‌విల్‌లో హోటలు కిటికీలో ఆమె అనుకోకుండా అతని కంటపడింది, 16న మాట ఖాయమైంది. ఆ వెంటనే అతను బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్‌కి వెళ్ళాడు. 1884లో ఆమె న్యూయార్క్‌లో ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో బొమ్మలు నేర్చుకోవడానికి చేరింది. 1885 జూన్ 24న సవానాలో పెళ్ళి. వాళ్ళ మాట ఖాయమైన రెండు వారాలకే, 1883 అక్టోబరు 1న, తపాలా ధర 2 సెంట్లకి దిగింది. రెండు నగరాల మధ్య రాత్రి రైలు సంచీ ఉంది, ఇంటి గుమ్మానికే బట్వాడా ఉంది, ఉత్తరం మర్నాటికల్లా చేతికొస్తుంది. అక్కడ మీకు పోస్ట్‌మాన్ తలుపు తట్టే ఘట్టం దొరుకుతుంది గానీ, కోపం పది రోజులు దారిలో ఉండిపోయే కథ మాత్రం దొరకదు. మా ఓటు 1854కే. రెండో అధ్యాయాన్ని అక్టోబరుకి మార్చి, పోస్టాఫీసులో ఆమె వెనక ఇద్దరు ఊరివాళ్ళని నిలబెట్టి మొదలుపెట్టండి. ఫిబ్రవరి కార్డు నాలుగో అధ్యాయానికి వెళ్తుంది, అదీ నార్త్ పౌనల్ ముద్రతో.